పొగాకు చేలో దొరికిన వెండి రూపాయి: కడగకముందు ఇది చదువు

తమ్ముడూ, నువ్వు అడిగింది ముందు రాస్తాను, మిగతావాళ్ళకీ అర్థమవుతుంది. కలిగిరి దగ్గర మీ మేనమామ గారి చేలో పొగాకు మోళ్ళు పీకి దున్నించాక, ఆయన్ని అడిగి మెటల్ డిటెక్టర్ తిప్పావు. జానెడు లోతులో వెండి నాణెం ఒకటి దొరికింది. నల్లగా ఉంది, రెండు వైపులా ఉర్దూలాంటి అక్షరాలు, ఒక వైపు చిన్న పువ్వు, తూకం 11.4 గ్రాములు. కావలిలో వెండి కొట్టాయన "కడిగి తీసుకురా, వెండి రేటు కట్టిస్తా" అన్నాడు. అది ఏ కాలం నాటిది, ఎలా కడగాలి, మన దగ్గరే ఉంచుకోవచ్చా అని అడిగావు.

కడగొద్దు. ఈ మాట మిగతా రెండు జవాబుల కంటే ముందు చెప్పాలి, ఎందుకంటే నువ్వు ఇది చదివేలోపే ఇంట్లో ఎవరో ఒకరు చింతపండు నానబెట్టి ఉంటారు. మన ఇళ్ళలో వెండి నల్లబడితే చేతులు ఊరుకోవు. చింతపండు, నిమ్మకాయ, విభూతి, పళ్ళపొడి, కంసాలి దగ్గరి యాసిడ్, ఏదీ దాని దగ్గరికి రానివ్వకు. ఆ నలుపు మురికి కాదు. వెండి మట్టిలోని గంధకంతో కలిసి ఏర్పడిన పొర అది. ఉప్పు నేలల్లో అయితే బూడిద రంగులో, కొంచెం ఊదా జీరతో గట్టి పెచ్చు కడుతుంది. వెండిలో కలిపిన రాగి బయటికి వచ్చి అక్కడక్కడా పచ్చగా కనిపిస్తుంది. అక్షరం పైభాగం చాలాసార్లు ఆ పొరలోనే నిలిచి ఉంటుంది. పొరను రుద్దేస్తే అక్షరం కూడా దానితోపాటే పోతుంది.

చేయాల్సింది చిన్న పనే. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ ఒక గాజు గిన్నెలో పోసి, నాణేన్ని రాత్రంతా అందులో ఉంచు. పొద్దున నీళ్ళు మార్చు. మట్టి దానంతట అదే వదులుతుంది. వదలనిది వదలకుండానే ఉండనివ్వు, గోరు పెట్టి గీకొద్దు. తీశాక తుడవకుండా నూలు గుడ్డ మీద పెట్టి ఆరనివ్వు. ఆ తర్వాత అంచులు పట్టుకునే తీయాలి, వేళ్ళ చెమట కూడా వెండి మీద ముద్ర వేస్తుంది. మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో దాచొద్దు. ఆ రకం ప్లాస్టిక్ కొన్నేళ్ళకు జిగటగా మారి నాణేన్ని పచ్చబరుస్తుంది. మామూలు కాగితపు కవరు చాలు, పైన పెన్సిల్‌తో తేదీ, చోటు రాయి.

దీని మీద ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను ఒకటి పోగొట్టాను. చాలా ఏళ్ళ కిందట పొదిలి వైపు బంధువుల చేలో, పాటిమట్టి (పాత ఊళ్ళ దిబ్బల మట్టి) తోలిన మడిలో ఒక చిన్న వెండి ముక్క దొరికింది. గుండ్రంగా లేదు, కత్తిరించిన రేకులా వంకరగా ఉంది, మూడు గ్రాముల పైచిలుకు. దాని మీద గుర్తులేవో ఉన్నాయని తెలుస్తోంది గానీ ఏమిటో తెలియలేదు. తెలుసుకోవాలన్న ఆత్రంతో చింతపండూ బూడిదా పెట్టి అరగంట తోమాను. తెల్లగా మెరిసింది, గుర్తులు మాత్రం నున్నగా అరిగిపోయాయి. ఒక మూల సూర్యుడి బొమ్మలో సగం మిగిలింది. తర్వాత తెలిసింది, అది విద్ధాంక నాణెం. రెండు వేల ఏళ్ళకు పైబడిన కాలంలో వెండి రేకును ముక్కలుగా కోసి, ఒక్కో గుర్తునూ విడిగా గుద్ది చేసినవి అవి. మామూలుగా ఒక వైపు ఐదు గుర్తులుంటాయి, తూకం 3.3 గ్రాముల దగ్గర ఉంటుంది. ఆ ఐదు గుర్తుల కలయికను బట్టే అది ఏ వరసదో చెబుతారు. నా దానిలో చెప్పడానికి ఏమీ మిగల్లేదు. ఆ ముక్కను పురావస్తు శాఖ వాళ్ళకు అప్పగించినప్పుడు అక్కడి పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తోమినందుకు ఒక్క మాట కూడా అనలేదు. "ఇది ఏ దిబ్బది?" అని మాత్రం అడిగారు. ఆ మట్టి మూడు ఊళ్ళ దిబ్బల నుంచి తోలిందని చెప్పాను. ఆయన కలం మూసేశారు. ఆ కలం మూసిన చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఇప్పుడు నీ నాణెం సంగతి. ఫొటోలు కొంచెం మసకగా ఉన్నా, నువ్వు చెప్పిన తూకం, పువ్వు, పారశీ అక్షరాలు కలిపి చూస్తే ఇది ఆర్కాటు రూపాయి. అవి ఉర్దూ కాదు, పారశీ. నెల్లూరు సీమ 1801 వరకు ఆర్కాటు నవాబు చేతిలో ఉండి, ఆ ఏడాది ఈస్ట్ ఇండియా కంపెనీ చేతికి వచ్చింది. ఒంగోలు వైపు కూడా అప్పట్లో ఇదే సీమ. ప్రకాశం జిల్లా విడిగా ఏర్పడింది 1970లో కదా. అందుకే మన రెండు జిల్లాల్లోనూ పాత వెండి అంటే ఎక్కువగా కనిపించేది ఈ రూపాయే.

దీనితో ఒక తికమక ఉంది, చాలామంది అక్కడే పొరబడతారు. నాణెం మీద ఉన్న పాదుషా పేరు రెండో ఆలంగీర్. ఆయన 1759లో హత్యకు గురయ్యాడు. హిజ్రీ 1172 అని, పట్టానికి వచ్చిన 6వ ఏడని ఉంటుంది. అంటే మన లెక్కలో 1758-59. అది చూసి "మొగలుల నాణెం, రెండు వందల అరవై ఏళ్ళది" అని వీడియోలు పెట్టేస్తుంటారు. నిజానికి మద్రాసు టంకశాలలో కంపెనీ వాళ్ళు అదే పేరూ అదే సంవత్సరమూ మార్చకుండా దశాబ్దాల తరబడి కొట్టారు. జనం ఆ ముద్రను నమ్మారు, నమ్మిన ముద్రను మారిస్తే వడ్డీ వ్యాపారి బట్టా (మారకంలో తరుగు) కోసేవాడు. కాబట్టి నాణెం మీది సంవత్సరం అది తయారైన సంవత్సరం కాదు. పువ్వు తామర అయితే మద్రాసు టంకశాలది. దాని బదులు నెలవంక ఉంటే ఫ్రెంచి వాళ్ళు పుదుచ్చేరిలో కొట్టింది. అంచు చూడు. సన్నటి గీతలు సమంగా ఉండి, నాణెం చక్కటి గుండ్రంగా ఉంటే అది యంత్రంతో కొట్టింది. మద్రాసులో యంత్రపు నాణేలు 1807 నుంచి వచ్చాయి. అంచు నున్నగా ఉండి, నాణెం మందంగా, అక్షరాలు సగం బయటికి జారిపోయి ఉంటే సుత్తితో కొట్టిన పాత రకం. అంకెలు వెతకాలంటే పారశీలో 1 నిలువు గీత, 7 ఇంగ్లిష్ వీ అక్షరంలా ఉంటుంది. రెండు నిలువు గీతల పక్కన వీ కనిపిస్తే 1172 దొరికినట్టే.

తూకం గురించి అడిగావు కాబట్టి చెబుతున్నా. 1818లో మద్రాసులో రూపాయిని 180 గ్రెయిన్ల ప్రమాణానికి తెచ్చారు. అంటే 11.66 గ్రాములు. సరిగ్గా తులం. మన అమ్మమ్మలు "రూపాయి ఎత్తు" అని పసుపు, మందులు తూచింది దీనితోనే. నీది 11.4 ఉందంటే కొంత చేతుల్లో అరిగి ఉండొచ్చు, అది మంచి గుర్తే. సరిగ్గా 11.66 ఉండి, మెరుస్తూ, అంచు పదునుగా ఉన్న "పాత" నాణేన్ని చూస్తే నాకు అనుమానం వస్తుంది.

వెండేనా కాదా అని కొట్టాయన గీటురాయి మీద గీయనివ్వకు. ఇంట్లోనే తేలుతుంది. గ్రాములో నూరో వంతు వరకు చూపే చిన్న తూకం మీద నీళ్ళ గ్లాసు పెట్టి సున్నా చేయి. నాణేన్ని దారానికి కట్టి, అడుగుకూ గోడకూ తగలకుండా నీళ్ళలో వేలాడదీయి. తూకం మీద అంకె 1.1 దగ్గర ఆగితే వెండి సరిపోయినట్టు. నాణెం బరువును ఆ అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది, ఈ రూపాయిల వెండికి అది 10.3 దగ్గర ఉంటుంది. ఇత్తడి, జర్మన్ సిల్వర్ అయితే అంకె 1.3 దాటుతుంది. మాగ్నెట్‌కు అంటుకుంటే ఇక చెప్పేదేముంది.

ఇది ఆర్కాటు రూపాయి కాకపోయి ఉంటే ఏమై ఉండేదో కూడా కొంచెం చెబుతాను, నీకు మళ్ళీ దొరకొచ్చు. 1835 నుంచి దేశమంతటికీ ఒకే రూపాయి వచ్చింది, నాలుగో విలియం తలతో. 1840 నాటి విక్టోరియా రూపాయి, 1862 నాటిది మన పల్లెల్లో విరివిగా దొరుకుతాయి. ఇక్కడా పాత తికమకే, ఆ సంవత్సరాలను మార్చకుండా ఏళ్ళ తరబడి కొట్టారు. 1877 నుంచి రాణి కాస్తా చక్రవర్తిని అయింది. 1911 నాటి అయిదో జార్జి రూపాయిలో ఆయన మెడ పట్టీ మీది ఏనుగు పందిలా కనిపించిందని గొడవై దాన్ని వెనక్కి తీసుకున్నారు. 1940 నుంచి రూపాయిలో వెండి సగమే. వీటన్నిటిలోనూ నా మనసు లాగేది వేరే ఒకటుంది. 1808 ప్రాంతంలో మద్రాసులో కొట్టిన వెండి పావు వరహా, అర వరహా. ఒక వైపు గుడి గోపురం, చుట్టూ నక్షత్రాలు, రెండో వైపు తామరలో విష్ణువు, ఆయన చుట్టూ తమిళంతో పాటు తెలుగు అక్షరాలు. రెండు వందల ఏళ్ళ కిందటి వెండి మీద మన అక్షరాన్ని వేలితో తడిమితే కలిగే సంతోషం నేను రాయలేను. అలాంటిది దొరికితే నాకు అర్ధరాత్రి అయినా ఫోన్ చేయి.

హనుమంతుడు, రామ పట్టాభిషేకం బొమ్మలతో "ఈస్ట్ ఇండియా కంపెనీ 1818" అని ఉండేవి మాత్రం నాణేలే కావు. కంపెనీ అలాంటివి ఎప్పుడూ కొట్టలేదు. వాటిని బియ్యం లాగుతాయని, కోట్లు పలుకుతాయని చెప్పి మన జిల్లాల్లో ఎందరినో ముంచారు. "మీ నాణేన్ని లక్షలకు కొంటాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి" అనే ఫోన్లూ అంతే. రిజర్వ్ బ్యాంకు 2021లో దీని మీద జనాన్ని హెచ్చరించింది.

ధర గురించి నువ్వు నేరుగా అడగలేదు గానీ, మనసులో ఉంటుంది. మామూలు ఆర్కాటు రూపాయి అరుదైనది కాదు. వెండి విలువ మీద కొంత ఎక్కువ పలుకుతుంది, అంతే. నీ జీవితం మారిపోయేంత డబ్బు అందులో లేదు. అందుకే దాన్ని అమ్మే తొందర పెట్టుకోవద్దంటున్నాను. దాని అసలు విలువ అది పడి ఉన్న చోటులో ఉంది. ఆ చోటు నీకొక్కడికే తెలుసు.

మన నెల్లూరు కథే చెబుతాను. 1787లో మద్రాసు మాజీ గవర్నరు అలెగ్జాండర్ డేవిడ్‌సన్ ఒక ఉత్తరం రాశాడు. నెల్లూరు దగ్గర ఒక రాళ్ళ గుట్ట పక్కన రైతు దున్నుతుంటే నాగలికి ఇటుక కట్టడం తగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద ఒక ముంత, ముంత నిండా రోము చక్రవర్తుల బంగారు నాణేలు. ట్రాజన్, హేడ్రియన్ కాలం నాటివి. పాపం ఆ రైతుకు అవి పాత బంగారం. అమ్మేశాడు. చాలావరకు కరిగిపోయాయి. నవాబు కొడుకు చెవిన పడి ఒక ముప్పై పైచిలుకు దక్కించుకున్నాడు. రోముతో మన తీరానికి ఉన్న వ్యాపారం గురించి అంత పెద్ద సాక్ష్యం చేతికి వచ్చి, కుంపట్లోకి పోయింది. ఆ గుట్ట ఏది, ఆ గుడి ఎవరిది, ముంత ఎప్పుడు పాతారు అన్నవి నాణేలు కరగకముందు అడగాల్సిన ప్రశ్నలు.

అందుకని మూడో ప్రశ్నకు జవాబు కాస్త నిదానంగా చదువు. 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ ఉంది. నేలలో దాగి ఉన్న విలువైనది ఏదైనా, 10 రూపాయల విలువ దాటితే, దొరికినవాడు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. ఏం దొరికింది, సుమారు విలువ ఎంత, ఎక్కడ, ఏ తేదీన అన్నవి రాయాలి. వస్తువును ఖజానాలో జమ చేయాలి, లేదా అడిగినప్పుడు చూపిస్తానని పూచీ ఇవ్వాలి. తెలపకుండా దాచుకుంటే వాటా పోతుంది, ఏడాది వరకు జైలు కూడా పడొచ్చు. "ఒక్క రూపాయికి ఇంత టెన్షన్ ఎందుకన్నా" అంటావు. ఆ ఒక్క కాగితమే నిన్ను దొంగచాటు తవ్వకాల వాళ్ళ నుంచి వేరు చేస్తుంది. గుప్తనిధుల పేరుతో రాత్రిళ్ళు గుళ్ళూ గుట్టలూ తవ్వే ముఠాలు పట్టుబడ్డ వార్తలు మన వైపు నువ్వూ చదువుతూనే ఉంటావు. చేతిలో డిటెక్టర్ చూస్తే ఊరికి గుర్తొచ్చేది వాళ్ళే.

కలెక్టరు విచారణ జరిపి, ప్రకటన వేసి, హక్కుదారులు ఎవరూ లేరని తేల్చితే, భూమి యజమాని వాటా కోరినప్పుడు మూల చట్టం ప్రకారం దొరికినవాడికి ముప్పావు, యజమానికి పావు. ముందే వేరే ఒప్పందం ఉంటే దాని ప్రకారం. ప్రభుత్వం తనకు కావాలనుకుంటే లోహం విలువకు అయిదో వంతు కలిపి ఇచ్చి తీసుకోవచ్చు. మీ మామయ్యతో ఈ మాట ఇప్పుడే అనుకో, చనువు ఉంది కదా అని వదిలేయకు. వందేళ్ళు దాటిన నాణెం 1972 చట్టం కింద పురావస్తువు కూడా. అమెరికాలో ఉన్న మీ బావకు కానుకగా పంపడం లాంటివి కుదరవు.

అర్జీ పెద్దగా ఉండక్కర్లేదు. "ఫలానా తేదీన, ఫలానా గ్రామం సర్వే నంబరు ఇంతలో, భూమి యజమాని అయిన మా మేనమామ గారి అనుమతితో వెతుకుతుండగా, సుమారు తొమ్మిది అంగుళాల లోతులో వెండిగా కనిపిస్తున్న పాత నాణెం ఒకటి దొరికింది. బరువు 11.4 గ్రాములు, సుమారు విలువ ఇంత. ఖజానాలో జమ చేయమంటే చేస్తాను, పూచీ ఇవ్వమంటే ఇస్తాను." ఇంతే. రెండు వైపులా తీసిన ఫొటో జత చేసి నెల్లూరు కలెక్టరాఫీసుకు రిజిస్టర్ పోస్టులో పంపు, లేదా సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చి రసీదు తీసుకో. ఒక నకలు తహసీల్దారుకు ఇవ్వు. రసీదు నాణెంతో పాటే ఉండాలి.

ఆ చేలోకి మళ్ళీ వెళ్తావని నాకు తెలుసు. వెళ్ళు, మామయ్యను వెంటబెట్టుకుని పగలే వెళ్ళు. నాణెం దొరికిన చోట ఒక పుల్ల పాతి, దాని చుట్టూ పది అడుగులు డిటెక్టర్ కింది చక్రాన్ని (కాయిల్‌ను) నేలకు దగ్గరగా, నెమ్మదిగా తిప్పు. వెండికి సన్నటి, గట్టి శబ్దం వస్తుంది, మీటరు మీద అంకె పైన ఉంటుంది. తుప్పు పట్టిన పెద్ద మేకు కూడా ఒక్కోసారి అలాగే మోసం చేస్తుంది. అందుకని పక్కకు వచ్చి అడ్డంగా మరోసారి తిప్పి చూడు. శబ్దం విరిగితే ఇనుమే. గడ్డపారతో పొడవొద్దు, సిగ్నల్‌కు జానెడు దూరం నుంచి మట్టిని పెళ్ళగా తీసి చేత్తో చిదుపు. నాణేల మీద నేను చూసిన గాయాల్లో సగం గడ్డపారవే. మామూలు నాణేలు ఒకటీ అరా దొరికితే అవి దారిన పోయేవాళ్ళ రొంటి నుంచి జారినవై ఉంటాయి. ఒకే చోట మూడు నాలుగు వచ్చినా, కుండ పెంకులు, ఇటుకలు కనిపించినా అక్కడితో చేయి ఆపేయి. తీసిన మట్టి మళ్ళీ కప్పి, కలెక్టరాఫీసుకూ పురావస్తు శాఖకూ ఫోన్ చేయి. ఆ కుండ ఎలా ఉందో అలాగే వాళ్ళు చూడాలి. ఉదయగిరి కోట, చందవరం స్తూపం లాంటి చోట్లకు మాత్రం డిటెక్టర్ అసలు తీసుకెళ్ళకు. రక్షిత స్థలంలో అనుమతి లేకుండా తవ్వడం నేరం.

లోతును బట్టి కాలం లెక్కగట్టొద్దు. ఏటా ట్రాక్టరు తిరగేసే మట్టిలో నిన్నటి సీసా మూత కింద ఉంటుంది, నవాబు రూపాయి పైకి వస్తుంది.

ఇక నాకు నీ నుంచి రెండు కావాలి. పొద్దున్నే కిటికీ పక్కన నల్లగుడ్డ మీద నాణెం పెట్టి, వెలుగు పక్క నుంచి వాలుగా పడేలా రెండు వైపులా, అంచు ఒకటి, మళ్ళీ ఫొటోలు తీసి పెట్టు. ఫ్లాష్ వద్దు, అక్షరాలు చదును అయిపోతాయి. రెండోది మీ మామయ్యను అడగాల్సింది. ఆ చేలోకి ఎప్పుడైనా చెరువు పూడిక మట్టి గానీ పాటిమట్టి గానీ తోలించారా, తోలిస్తే ఏ ఊరి చెరువుది, ఏ దిబ్బది? ఆయనకు గుర్తు లేకపోతే ఆ రోజుల్లో బండి తోలిన పెద్దవాళ్ళు ఊళ్ళో ఎవరైనా ఉంటారు, వాళ్ళను అడుగు. వాళ్ళు చెప్పిన ఊరి పేరు కూడా ఆ కాగితపు కవరు మీద రాసి పెట్టు.